గల్ఫ్‌కు పోయే పిల్లగాడికి ముందు రూము సంగతి చెప్పండి

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ



నాది కోరుట్ల. దుబాయిలో, షార్జాలో చాలా ఏండ్లు కార్మికుల రూముల్లో బతికి తిరిగొచ్చినవాణ్ని. మీ కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణికి గల్ఫ్ అర్జీలు ఏ తీరున వస్తాయో నాకు తెలుసు. వాటిలో కొన్ని నేనే రాసిపెట్టాను. కొడుకు శవం ఇంకా రాలేదని ఒక తండ్రి, భర్త జైల్లో పడ్డాడని ఒక భార్య, ఏజెంటు పైసలు తీసుకొని ముఖం చాటేశాడని ఒక పిల్లగాడు. ఆ కాగితం మీ బల్ల మీదికి చేరేసరికే జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత మీరైనా ఎంబసీకి ఉత్తరం రాయడం, జవాబు కోసం చూడడం తప్ప చేయగలిగేది తక్కువ.

నేను రాస్తున్నది అంతకుముందటి సంగతి. గల్ఫ్‌కు పోయినవాడు డ్యూటీ చేసేది పది పన్నెండు గంటలు. మిగతా బతుకంతా రూములోనే. తినేది, పండుకునేది, జ్వరమొస్తే మూలిగేది, ఇంటికి ఫోన్ చేసి 'మంచిగనే ఉన్న' అని చెప్పేది అన్నీ అక్కడే. ఆ రూములో ఎట్లా బతకాలో పోయేముందు ఎవ్వరూ చెప్పరు. ఏజెంటుకు ఆ పట్టింపు లేదు, ఇంటివాళ్లకు తెలియదు. నేను చూసిన పెద్ద కష్టాల్లో చాలావాటికి మొదలు రూముల్లో జరిగిన చిన్న పొరపాట్లే. పోయేముందు ఒక్క పూట కూర్చోబెట్టి చెప్పి ఉంటే అవి తప్పేవి. కూర్చోబెట్టే ఏర్పాటు మీ చేతుల్లో ఉంది కాబట్టి మీకు రాస్తున్నాను.

ముందు రూము ఎట్లుంటుందో చెప్పాలి. యూఏఈలో 2009లో వచ్చిన నిబంధనల ప్రకారం పనివాళ్ల వసతిలో మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల జాగా ఉండాలి, గదికి పదిమందికి మించకూడదు. 50 మంది, అంతకు మించి పనివాళ్లున్న కంపెనీ తన దగ్గర తక్కువ జీతమున్నవాళ్లకు వసతి తానే ఇవ్వాలని 2016లో ఇంకో నిబంధన వచ్చింది. మంచి కంపెనీల క్యాంపులు వీటికి తగ్గట్టే ఉంటాయి. శుభ్రంగా ఉంటాయి, క్యాంప్ బాస్ రోజూ చూసిపోతాడు. కాని 3 చదరపు మీటర్లంటే ఎంతో మన ఊళ్లో ఎవరూ గీసి చూపరు. ఒక మంచం, దాని పక్కన చెప్పులు విడిచి నిలబడే చోటు. ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి. కింది మంచానికి లుంగీయో చీరముక్కో అడ్డం కట్టుకుంటే ఆ లోపలిదే అతని ఇల్లు. తలదిక్కు మీద వేములవాడ రాజన్న పటం, కాళ్లదిక్కు రేకు అల్మారి, మంచం కింద అట్టపెట్టె. ఆ అట్టపెట్టెలో ఇంటికి తీసుకుపోయే సామాను నెలనెలా ఒక్కొక్కటే చేరుతుంది.

దుబాయి, షార్జా సరిహద్దులో ముహైస్నా అనే చోట వరసగా ఇట్లాంటి క్యాంపులే ఉంటాయి. మనవాళ్లకు అది సోనాపూర్. రాయికల్ నుంచి, మెట్‌పల్లి నుంచి, ఎల్లారెడ్డిపేట నుంచి, వేములవాడ నుంచి వచ్చినవాళ్లు ఆ గల్లీల్లో నడుస్తుంటే పలకరింపులు మన అంగడిలో లాగే వినపడతాయి. అయినా రూములో అందరూ మనవాళ్లే ఉండరు. నేపాలీ ఉంటాడు, బంగ్లాదేశ్ మనిషి ఉంటాడు, బిహార్ పిల్లగాడు ఉంటాడు. మనకు తెలిసిన కొంచెం హిందీతో నడుస్తుంది. జగిత్యాల, కోరుట్ల బజార్లలో పెరిగినవాళ్లకు ఉర్దూ మాట చెవిన పడి ఉంటుంది కాబట్టి తొందరగా కలిసిపోతారు. మారుమూల పల్లె నుంచి నేరుగా పోయినవాడు మొదటి నెల మూగవాడిలాగే ఉంటాడు. ఆ నెలలోనే అతనికి కష్టాలన్నీ వస్తాయి.

నీళ్ల సంగతే తీసుకోండి. జూన్ వచ్చిందంటే అక్కడ మిద్దె మీది ట్యాంకులో నీళ్లు కాగిపోతాయి. నల్లా తిప్పితే చేయి పెట్టలేం. కొత్త పిల్లగాడు డ్యూటీ నుంచి చెమటతో వచ్చి, మన ఊళ్లో బోరు కింద కూర్చున్నట్టు నల్లా కింద కూర్చుంటాడు. వీపు ఎర్రగా కాలుతుంది. పాతవాళ్లకు ఉపాయం తెలుసు. ఎండాకాలం గీజర్ స్విచ్ బంద్ చేసి పెడతారు. ఏసీ గాలి తగిలే గోడల మధ్య ఆ గీజర్‌లో నిలిచిన నీళ్లు చల్లబడి ఉంటాయి. కాబట్టి వేడినీళ్ల నల్లా తిప్పితే చల్లటి నీళ్లు, చన్నీళ్ల నల్లా తిప్పితే సలసల కాగే నీళ్లు. గీజర్ లేని క్యాంపుల్లో రాత్రే బకెట్లు, డ్రమ్ములు నింపి నీడకు పెట్టుకుంటారు. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే ఆ పిల్లగాడికి మొదటి వారం ఒళ్లు కాలదు. పొద్దున మూడున్నరకు లేచి బాత్‌రూము ముందు వరసలో నిలబడాలని, ఐదింటికి సైట్ బస్సు పోతుందని, ఆ బస్సు తప్పితే ఆ రోజు జీతం కోత పడుతుందని కూడా అప్పుడే తెలియాలి.

తర్వాత నల్లులు. ఈ మాట ఇంటికి ఫోన్‌లో ఎవ్వరూ చెప్పరు. ఇనుప మంచం అతుకుల్లో, పరుపు కుట్టులో, గోడ మేకు సందులో ఉంటాయి. రాత్రి పదకొండుకు లైటు ఆరిపోగానే మొదలవుతాయి. సెలవు రోజున పరుపులన్నీ మిద్దె మీద ఎండేస్తారు, అతుకుల్లో సలసల కాగిన నీళ్లు పోస్తారు, బట్టలు ప్లాస్టిక్ సంచిలో ముడేసి ఎండలో పెడతారు. పదిమంది ఒకేరోజు చేస్తేనే పోతాయి. ఒక్కడు బద్దకించి తన పరుపు ఎండేయకపోతే ఆ పరుపులోంచి మళ్లీ రూమంతా పాకుతాయి. రూముల్లో జరిగే కొట్లాటల్లో సగం దీని మీదే అంటే నమ్మండి.

అసలు ప్రమాదం ఆ తర్వాత వస్తుంది. నిద్రలేక విసిగినవాడు ఎవరో చెప్పారని ఎక్కడిదో మందు తెస్తాడు. మన రైతులకు బాగా తెలిసిన మాత్రలే, నిల్వ ధాన్యానికి పురుగు పట్టకుండా వేసేవి. వాటి పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగలగానే విషవాయువు లేస్తుంది. కిటికీ తెరవని, ఏసీ ఆడే గదిలో ఆ వాయువు మనుషులను చంపుతుంది. పక్క ఫ్లాటులో ఎవరో పెట్టిన మాత్రల పొగ గోడ సందుల గుండా వచ్చి, ఇవతలి ఇంట్లో పండుకున్నవాళ్లు చనిపోయిన సంఘటనలు షార్జాలో, దుబాయిలో జరిగాయి. ఇళ్లలో వాడకూడదని అక్కడ నిషేధం ఉంది. మన పిల్లగాడికి ఆ నిషేధం తెలియదు. ఇంటి దగ్గర పసుపు కొమ్ముల గదిలోనో, వడ్ల గుమ్మిలోనో తన తండ్రి పెట్టడం చూశాడు కాబట్టి తెలిసిన మందే అనుకుంటాడు. జగిత్యాల నుంచి పోయే రైతు కొడుకుకు ఈ సంగతి చెప్పాల్సింది మనమే. దుబాయి మున్సిపాలిటీ అరబ్బీలో, ఇంగ్లిష్‌లో పెట్టే నోటీసు అతనికి ఏం తెలుస్తుంది?

వంట విషయానికొస్తే, ఒక పొయ్యికి ఎన్ని రూములని అడగాలి. పెద్ద క్యాంపుల్లో అందరికీ కలిపి ఒక వంటశాల, వరసగా గ్యాస్ పొయ్యిలు. ఇద్దరో నలుగురో కలిసి 'మెస్' పెట్టుకుంటారు. ఒకడు పప్పు, ఒకడు అన్నం, వంతులు. రాత్రి వండింది సగం తిని సగం టిఫిన్‌లో కట్టి తెల్లారి సైటుకు తీసుకుపోవడమే. ఎండాకాలం ఆ అన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదనే నిబంధన ఉంది. ఆ నీడ పూట తినాల్సిన అన్నం పాడైపోయి, ఖాళీ కడుపుతో మూడింటికి మళ్లీ ఎండలోకి పోయి కళ్లు తిరిగి పడినవాళ్లను చూశాను. రాత్రి పప్పుకు బదులు చింతపండు పులిహోర కట్టుకొమ్మని, ఎండాకాలం పెరుగు కలిపిన అన్నం కట్టొద్దని, ఉప్పు కలిపిన నీళ్లు వెంట పెట్టుకొమ్మని చెప్పేందుకు పెద్ద డాక్టరు అక్కర్లేదు. మన అంగన్వాడీ టీచరమ్మ చెప్పగలదు.

వంతు దొరకనివాడు రూములోనే దొంగతనంగా కరెంటు పొయ్యి పెడతాడు. క్యాంపుల్లో అది నిషేధం. పట్టుబడితే జరిమానా. అలసి వచ్చినవాడు కుక్కర్ పెట్టి మంచం మీద ఒరిగి నిద్రపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఒకే ప్లగ్గుకు ఆరు ఫోన్ల ఛార్జర్లు, ఒక ఫ్యాను, ఒక పొయ్యి.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం అంటుకున్నప్పుడు దాదాపు 50 మంది చనిపోయారు. అందులో 40 మందికి పైగా మన దేశంవాళ్లే. కేరళవాళ్లు ఎక్కువ, ఆంధ్రప్రదేశ్ నుంచి పోయినవాళ్లు ముగ్గురు. కింది అంతస్తులో కరెంటు షార్ట్ సర్క్యూట్‌తో మంటలు మొదలయ్యాయని తేలింది. గదుల మధ్య అడ్డం పెట్టిన పలకలు తొందరగా అంటుకునేవి. మిద్దె మీదికి పోయే తలుపుకు తాళం ఉంది. చాలామంది నిద్రలోనే పొగకు ఊపిరాడక పోయారు. ఆ భవనం కట్టినవాడి తప్పును, నడిపినవాడి తప్పును మన పిల్లగాళ్ల మీద వేయను. కాని నేనున్న రూముల్లో దిగిన మొదటిరోజే మెట్లు ఎక్కడున్నాయో, మిద్దె తలుపు తెరిచి ఉందో లేదో చూసినవాడు నాకు గుర్తున్నంతలో ఒక్కడూ లేడు. చూడాలని ఎవరూ చెప్పలేదు. పొగ వచ్చినప్పుడు తడిగుడ్డ ముక్కుకు కట్టుకొని నేలకు వంగి పాకాలని మన అగ్నిమాపక సిబ్బంది బడుల్లో పిల్లలకు చేసి చూపిస్తారు. అదే కోరుట్లలో, సిరిసిల్లలో గల్ఫ్ ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు చూపిస్తే ఎంత ఖర్చవుతుంది?

కంపెనీ వీసా లేకుండా విజిట్ వీసా మీద పోయినవాళ్ల రూములు ఇంకో తీరు. వాళ్లకు క్యాంపు ఉండదు. దుబాయిలోని దేరాలోనో, సత్వాలోనో ఒక ఫ్లాటును ప్లైవుడ్ చెక్కలతో ముక్కలు చేసి కిరాయికి ఇస్తారు. 'బెడ్ స్పేస్' అంటారు. ఫ్లాటులో ఒక్క వంటగదిని పదిహేనుమంది వాడతారు. 2025లో దుబాయి మున్సిపాలిటీ ఇట్లాంటి పార్టిషన్ గదుల మీద తనిఖీలు పెంచింది. గది కూల్చినరోజు సంచి పట్టుకొని రోడ్డు మీద నిలబడింది ఎవరో మీకు తెలుసు. వీసా గడువు దాటి పనిచేస్తూ ఉండిపోయినవాణ్ని మనవాళ్లు 'ఖల్లివెల్లి' అయ్యాడంటారు. అట్లా అయినవాడు జ్వరమొచ్చినా దవాఖానకు పోడు.

ఇక సూట్‌కేసులో ఉండే ప్రమాదం. శంషాబాద్ విమానాశ్రయంలో నా ముందు వరసలో ఉన్న పిల్లగాడు సిరిసిల్లవాడు. సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసి, మొదటిసారి పోతున్నాడు. మాటల్లో వాళ్లమ్మ ఏమేం సర్దిందో చెప్తూ, "మటన్‌ల ఏసుకుంటనని గసాలు, మసాలా దంచి పెట్టిందన్నా" అన్నాడు. గసగసాలు యూఏఈలో, సౌదీలో మాదకద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. కూరలో వేసుకునేవని అక్కడ కస్టమ్స్‌వాడికి చెప్పినా వినడు. నేను ఈ సంగతి చెప్తే ఆ పిల్లగాడు పొట్లం తీసి చేతిలో పట్టుకొని కాసేపు అట్లనే నిలబడ్డాడు. తల్లి దంచింది కదా, పారేయబుద్ధి కాలేదు. చివరికి పారేశాడు. అతని పక్కన చెప్పేవాడు ఒకడున్నాడు. మిగతావాళ్ల పక్కన ఎవరుంటారు? మందులూ అంతే. నడుం నొప్పికని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తీసుకున్న మాత్రల్లో ట్రమడాల్ ఉంటుంది. దగ్గు మందులో కోడీన్ ఉంటుంది. డాక్టరు చీటీ, అక్కడి అనుమతి లేకుండా వాటిని తీసుకుపోతే కేసవుతుంది. "మా తమ్మునికి పచ్చడి పొట్లం, ఇచ్చెయ్ అన్నా" అని విమానాశ్రయంలో ఎవరో చేతిలో పెట్టింది విప్పిచూడకుండా తీసుకుపోయి, అందులో గంజాయి దొరికి జైలుకు పోయిన పిల్లగాళ్ల కథలు మన జిల్లాల్లో కొత్తవి కావు.

ఫోన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రూములో మనిషిని నిలబెట్టేది అదే, ముంచేది కూడా అదే. యూఏఈలో వాట్సాప్ కాల్ పోదు. మెసేజ్ పోతుంది, మాట పోదు. మొదటిసారి పోయినవాడు దిగిన రాత్రి ఇంటికి చేస్తాడు, కలవదు. ఇక్కడ తల్లి రాత్రంతా ఏడుస్తుంది. బోటిమ్ లాంటి యాప్‌లు వేసుకోవాలని, ఇంట్లోవాళ్ల ఫోన్‌లోనూ పోయేముందే వేసి చూపించాలని ఎవరో ఒకరు చెప్పాలి. దుబాయి మనకంటే గంటన్నర వెనక, సౌదీ, ఖతర్, కువైట్ రెండున్నర గంటలు వెనక. అతను రాత్రి తొమ్మిదిన్నరకు వంట చేసుకొని తిని ఫోన్ పట్టుకునేసరికి, పొద్దంతా బీడీలు చుట్టి అలసిన భార్య పిల్లలతో నిద్రపోయి ఉంటుంది. ఎత్తకపోతే ఇతనికి అనుమానం, ఎత్తి ముక్తసరిగా మాట్లాడితే కోపం. ఆ కోపం రూములో పక్కవాడి మీద పోతుంది. ఇట్లా విరిగిన సంసారాలు నాకు తెలుసు. మాట్లాడుకునే వేళ పోయేముందే ఇద్దరూ కూర్చొని అనుకుంటే ఇందులో సగం తప్పుతుంది.

అదే ఫోన్‌కు ఇంకో కాల్ వస్తుంది. 'మీకు రెండు లక్షల దిర్హమ్‌ల లాటరీ తగిలింది' అనో, 'మీ ఐడీ కార్డు బంద్ అయింది, నంబరు చెప్పండి' అనో మంచి హిందీలో మాట్లాడతారు. జీతం కార్డు వెనక నంబరు చెప్పిన క్షణంలో నెల జీతం పోతుంది. 2009 నుంచి యూఏఈలో జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. ఇది మంచి నిబంధన, జీతం ఎగ్గొట్టిన కంపెనీని పట్టుకోవడానికి ఆధారం దొరుకుతుంది. కాని ఏటీఎం వాడడం రానివాడు కార్డును, పిన్నును రూమ్మేటుకు ఇస్తాడు. తన ఐడీ మీద ఇంకొకరికి సిమ్ కార్డు తీసిస్తాడు. ఆ సిమ్ నుంచి మోసం జరిగితే పోలీసులు వచ్చేది ఇతని మంచం దగ్గరికి. స్నేహం కొద్దీ చేసిన పని అది. మన ఊళ్లో పక్కింటివాడికి సైకిల్ ఇచ్చినంత తేలిగ్గా చేస్తారు.

జ్వరం వచ్చినవాడి గురించి ఒకటి చెప్తాను. మల్యాల దిక్కు పిల్లగాడు, జ్వరమొచ్చి క్యాంపులో చూసేవాళ్లు లేక షార్జాలో బావ రూముకు పోయాడు. అక్కడ పది రోజులు పడి ఉన్నాడు. ఫోర్‌మెన్‌కు చెప్పానన్నాడు, కాని నోటిమాట. వరసగా ఏడు రోజులకు మించి చెప్పకుండా రాకపోతే, పని వదిలి పారిపోయాడని కంపెనీ ఫిర్యాదు చేయవచ్చని అక్కడి నిబంధన. చేశారు. కోలుకొని వచ్చేసరికి అతను చట్టం దృష్టిలో పారిపోయినవాడు. సౌదీలో దాన్నే 'హురూబ్' అంటారు. క్లినిక్ చీటీ ఫొటో తీసి ఫోర్‌మెన్‌కు వాట్సాప్‌లో పంపి ఉంటే అతని దగ్గర రుజువు ఉండేది. ఆ పిల్లగాడు అప్పు తీరకుండానే వెనక్కి వచ్చాడు.

ఆ అప్పు సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడ్డాక మెట్‌పల్లి, కోరుట్ల చుట్టూ చెరుకు రైతు ఎటు పోయాడో, ఆర్డర్లు లేక సాంచాలు ఆగినప్పుడల్లా సిరిసిల్ల నేతకార్మికుడు ఎటు చూస్తాడో మీరు చూస్తూనే ఉన్నారు. రిక్రూటింగ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని కేంద్రం నిబంధన. తీసుకునేది ఎంతో ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. ఆ అప్పు మీద వడ్డీ పెరుగుతుంటే ఏ రూములో పడేసినా, ఏం పెట్టినా నోరెత్తడు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ దరఖాస్తులు మీ దగ్గరికే వస్తాయి. ఆ డబ్బుతో అప్పు తీర్చుకొని ఊపిరి పీల్చుకున్న ఇళ్లు ఉన్నాయి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి పెట్టారు. కేంద్రం వైపు నుంచి ప్రవాసీ భారతీయ బీమా ఉంది, రెండేండ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో పోయినప్పుడు 10 లక్షలు వస్తాయి. ప్రయాణానికి ముందు శిక్షణ కూడా కేంద్రం పెట్టింది. ఇవన్నీ అవసరమే. కాని చూడండి, శిక్షణ, బీమా ఎదురయ్యేది ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కోసం పోయేవాళ్లకే. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. విజిట్ వీసా మీద పోయేవాడు ఆ దారిలోకే రాడు. ఇప్పుడు మన పిల్లగాళ్లలో పది పాసైనవాళ్లే ఎక్కువ. అంటే శిక్షణ, బీమా, నమోదు అన్నీ ఎవరికోసం పెట్టారో వాళ్లలో చాలామంది వాటికి దొరక్కుండానే విమానం ఎక్కుతున్నారు. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కూర్చొని వాళ్లను పట్టుకోవడం కుదరదు. ఊళ్లో ఎవరు పాస్‌పోర్టు తీసుకున్నారో, ఎవరు మెడికల్‌కు పోయివచ్చారో పంచాయతీ కార్యదర్శికి, ఆశా కార్యకర్తకు, మహిళా సంఘానికి వారంలో తెలిసిపోతుంది. అందుకే ఈ పని జిల్లాలో మొదలుకావాలి.

నేను అడుగుతున్నది పెద్ద పథకం కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడు చోట్ల నెలకు ఒక ఆదివారం గల్ఫ్ పోయేవాళ్లకు ఒక పూట క్లాసు పెట్టండి. ఇంగ్లిష్ స్లైడ్లు వద్దు. చెప్పేవాళ్లు ఆ రూముల్లో బతికొచ్చినవాళ్లు కావాలి. ఒక ఇనుప మంచం పెట్టి, నేల మీద సుద్దముక్కతో 3 చదరపు మీటర్లు గీసి చూపాలి. నల్లుల మందులో ఏది చంపుతుందో, సూట్‌కేసులో ఏది ఉండకూడదో చేతిలో పట్టుకొని చూపాలి. ఏటీఎం దగ్గర నిలబెట్టి కార్డు వాడించాలి. అగ్నిమాపక కేంద్రం నుంచి ఒకరిని పిలిపించండి. ప్రభుత్వ దవాఖాన నుంచి ఒక డాక్టరు వచ్చి బీపీ, షుగర్ చూడాలి. నలభై దాటినవాళ్లు తమకు బీపీ ఉందని తెలియకుండానే పోతున్నారు. రాత్రి తిని పండుకొని తెల్లారి లేవనివాళ్ల వార్తలు ప్రతి ఊరికీ వచ్చినవే, ఆ చావు ప్రమాదం కింద రాదు కాబట్టి బీమా కూడా అందదు.

ఆ క్లాసుకు ఇంటివాళ్లను తప్పకుండా పిలవండి. భార్య, తల్లి, ఎవరుంటే వాళ్లు. ఇది నేను అన్నిటికన్నా గట్టిగా అడుగుతున్నాను. అర్జీ రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లను నేను మొదట అడిగేది కంపెనీ పేరేమిటని. "దుబాయిల ఉంటడు సారూ, బిల్డింగుల పని" అంటారు. ఏ ఎమిరేటో తెలియదు, క్యాంపు ఎక్కడో తెలియదు. పాస్‌పోర్టు జిరాక్స్ ఉండదు. పక్క మంచంవాడి ఫోన్ నంబరు ఉండదు. మనిషి చనిపోతే ఎంబసీ మొదట అడిగేది ఇవే. వాటిని వెతకడంలోనే వారం, పదిరోజులు పోతాయి, శవం అక్కడ మార్చురీలో ఉంటుంది. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా కాగితాల నకళ్లు, కంపెనీ పేరు, క్యాంపు చిరునామా, రూమ్మేట్లు ఇద్దరి నంబర్లు ఒక కవరులో ఇంట్లో ఉండాలి, ఆ వివరాలే పంచాయతీ రిజిస్టరులో ఎక్కాలి. రూము మారినప్పుడల్లా కవరులో చిరునామా మార్చాలి. ఈ పని ఆ ఇంటి ఆడమనిషి చేతిలో పెడితేనే సాగుతుంది. నెలనెలా బీడీల లెక్క తప్పకుండా రాసుకునే ఆడవాళ్లు వాళ్లు, కవరు లెక్క కూడా తప్పనివ్వరు.

మొదటి క్లాసు ఎండాకాలానికి ముందే పెడితే మంచిది. మార్చి, ఏప్రిల్‌లలో పోయినవాడికి రూము అలవాటు కాకముందే జూన్ వేడి మీద పడుతుంది. కోరుట్లలో, మెట్‌పల్లిలో, వేములవాడలో తిరిగొచ్చినవాళ్లం చాలామందిమి ఉన్నాం. పైసా తీసుకోకుండా చెప్పడానికి నాకు తెలిసినవాళ్లే కొందరు సిద్ధంగా ఉన్నారు. సౌదీ సంగతి చెప్పేవాళ్లు, ఖతర్ సంగతి చెప్పేవాళ్లు వేరువేరుగా ఉన్నారు. మాకు కావాల్సింది ఒక హాలు, పంచాయతీల ద్వారా ఒక దండోరా, ఆ రోజు మీరు వచ్చి ఒక గంట కూర్చోవడం. ఇనుప మంచం, గ్యాస్ పొయ్యి మేమే తెస్తాం.

ఇట్లు,
గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక కోరుట్ల వాసి